ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మొదలుపెట్టడం ఎలా: పాత గాయాలు, ఆందోళన, ఇంటి గొడవలు మోస్తున్నవాళ్ల కోసం

కౌన్సెలింగ్ తీసుకోవాలని మనసులో అనుకున్నాక కూడా చాలామంది నెలల తరబడి అక్కడే ఆగిపోతారు. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియదు. చేస్తే ఏం చెప్పాలో తెలియదు. ఇంట్లో అత్తమామలో, హాస్టల్లో రూమ్మేట్లో ఉండగా ఎక్కడ కూర్చుని మాట్లాడాలో అసలే తెలియదు. ఆ మెట్లు ఒక్కొక్కటే ఎక్కించడానికే ఇది రాస్తున్నాను. ప్రమాదం, లైంగిక హింస, చిన్నప్పటి దెబ్బలు లాంటి గాయం లోపల ఉండిపోయినవాళ్లు, ఆందోళనతో నిద్ర పోగొట్టుకున్నవాళ్లు, కాపురంలోనో పుట్టింట్లోనో బంధం నలిగిపోయినవాళ్లు, అందరికీ దారి మొదట్లో ఒకటే. తర్వాత విడిపోతుంది.

ఒక్క విషయం ముందే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమందిని ఆపుతున్న భయం అదే. మొదటి రోజే జరిగిందంతా చెప్పాల్సిన పని లేదు. మంచి థెరపిస్టు అలా అడగరు కూడా. ముందు మీరు నిలదొక్కుకోవాలి, జరిగినదాని గురించి మాట్లాడటం ఆ తర్వాత. ఈ వరస తప్పితే మేలు చేయాల్సిన థెరపీయే మనిషిని కుదిపేస్తుంది.

1. ఇది ఆన్‌లైన్‌కి ఆగే విషయమేనా?

చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా వస్తుంటే వచ్చే వారం అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఇప్పుడే 14416కి ఫోన్ చెయ్యండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకో క్లినికల్ సైకాలజిస్టుకో కలుపుతారు. ఆ నంబర్ కలవకపోతే 1800 891 4416. ప్రాణాపాయం కళ్ల ముందే ఉంటే 112, లేదా దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీ. ఏదైనా మింగేసి ఉంటే, "ఇప్పుడు బాగానే ఉంది" అనిపించినా ఆసుపత్రికే వెళ్లాలి. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. చట్టం ఆ మనిషికి చికిత్స ఇప్పించమంటోంది, శిక్షించమనడం లేదు.

ఇంకొన్ని సందర్భాల్లో కూడా వీడియో కాల్ కంటే ముందు నేరుగా డాక్టర్ని చూడాలి. ఎవరూ లేకుండా మాటలు వినపడటం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా విపరీతమైన హుషారు, రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేయడంతో వణుకు పట్టడం, వీటికి సైకియాట్రిస్టు కావాలి. గుండె దడ, చేతులు వణకడం, బరువు తగ్గడం కలిసి ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఆందోళన అనుకున్నది కొన్నిసార్లు థైరాయిడ్ అవుతుంది. ఛాతీ నొప్పి కొత్తగా వస్తే అది మనసుదా గుండెదా అన్నది ఇంట్లో కూర్చుని మీరు తేల్చకండి.

కొట్టే మనిషి ఉన్న ఇంట్లోంచే ఆ విషయం మీద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ తీసుకోవడం కూడా ప్రమాదమే. దాని గురించి కింద విడిగా రాశాను.

ఈ సందర్భాలు కాకపోతే ఆన్‌లైన్ మంచి దారే. ఆందోళనకీ, ట్రామాకీ (అంటే లోపల ఉండిపోయిన గాయానికి) వీడియో ద్వారా చేసిన సీబీటీ (ఆలోచనల్నీ, అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే థెరపీ) ఫలితాలు ఎదురుగా కూర్చుని చేసినదానికి దాదాపు సమానంగా ఉన్నాయని పరిశోధనల్లో తేలింది. మంచిర్యాలలోనో పాడేరులోనో ఉన్నవాళ్లకి అయితే ట్రామా మీద పనిచేసే మనిషి దొరకడానికి చాలాసార్లు ఉన్న దారి ఇదొక్కటే.

2. ఒక పేజీ రాసుకోండి

ఫోన్ చేసే ముందు కాగితం తీసుకోండి. నాలుగు విషయాలు చాలు. ఇప్పుడు ఏది ఇబ్బంది పెడుతోంది, ఎప్పటినుంచి, దానివల్ల రోజులో ఏ పని ఆగిపోయింది, ఇంతకుముందు ఏ మందులు, ఏ చికిత్స తీసుకున్నారు. పెద్ద మాటలు వద్దు. "డిప్రెషన్" అని రాయడం కంటే "పొద్దున లేచి స్నానం చేయడానికి గంటన్నర పడుతోంది" అని రాస్తే థెరపిస్టుకి ఎక్కువ తెలుస్తుంది. "గుబులుగా ఉంటోంది", "గుండెల్లో రాయి పెట్టినట్టుంది", "చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నాను", మీకు ఎలా వస్తే అలాగే రాయండి.

ఆందోళన ప్రధానమైతే జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టీ నింపండి. గత రెండు వారాల్లో కంగారు, చిరాకు, ఏదో జరిగిపోతుందన్న భయం ఎంత తరచుగా ఉన్నాయో ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 21. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నిపుణుల్ని కలవమని సాధారణంగా చెబుతారు. అది రోగ నిర్ధారణ కాదు. కానీ ఈరోజు వేసుకున్న అంకె రెండు నెలల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది, కాబట్టి తేదీ వేసి దాచుకోండి.

జరిగిన ఘోరం గురించి మాత్రం ఈ పేజీలో ఒక్క వాక్యమే రాయండి. "పదేళ్ల వయసులో దగ్గరి బంధువు వల్ల ఒకటి జరిగింది", "మూడేళ్ల కిందట యాక్సిడెంట్". అంతకు మించి ఇప్పుడు అవసరం లేదు. ఒంటరిగా కూర్చుని వివరంగా రాయడం మొదలుపెడితే ఆ రాత్రి కష్టంగా గడుస్తుంది.

3. సరైన మనిషిని వెతకడం

మన దగ్గర "కౌన్సెలర్" అని బోర్డు పెట్టుకోవడం చాలా తేలిక. వారాంతపు ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ, ఏళ్ల తరబడి ఆసుపత్రిలో శిక్షణ పొందినవాళ్లూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకేలా కనిపిస్తారు. అందుకే ఎవరు ఎవరో తెలుసుకోండి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఆ శాఖలో ఎండీ లాంటి పీజీ చేసిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకి ఎంఫిల్ లాంటి ప్రత్యేక శిక్షణ ఉంటుంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ నమోదు నంబర్‌ని సీఆర్ఆర్ నంబర్ అంటారు. అడగండి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. కౌన్సెలింగ్ సైకాలజిస్టులు, సైకోథెరపిస్టులు ఎక్కువగా సైకాలజీలో ఎంఏ, ఎంఎస్సీ చేసి, ఆపైన ఒకటో రెండో పద్ధతుల్లో శిక్షణ తీసుకుంటారు. వీళ్లలో చాలా మంచివాళ్లున్నారు. ఈ వృత్తుల్ని ఒక పద్ధతిలోకి తేవడానికి 2021లో అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం వచ్చింది. అయినా విచారించుకునే బాధ్యత ఇంకా మన మీదే ఉంది. నమోదు గురించి, చదువు గురించి అడిగితే నొచ్చుకునే మనిషి దగ్గరికి వెళ్లకండి. నా మాట గట్టిగానే ఉంది, అయినా మార్చుకోను.

"ఇంటిగ్రేటివ్" అన్న మాట చాలామంది ప్రొఫైల్‌లో కనిపిస్తుంది. ఒకే సిద్ధాంతానికి కట్టుబడకుండా, మనిషిని బట్టి, సమస్యను బట్టి రెండు మూడు పద్ధతుల్ని కలిపి పనిచేస్తామని దాని ఉద్దేశం. ఆరన్ బెక్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1960లలో రూపుదిద్దిన కాగ్నిటివ్ థెరపీ నుంచి ఆలోచనల్ని పరీక్షించుకోవడం తీసుకుంటారు. మీరు చెప్పేదాని మీద తీర్పు ఇవ్వకుండా, మనసుపెట్టి వినడం కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త దారి. చిన్నప్పటి బంధాలు ఇప్పటి గొడవల్లో ఎలా తిరిగి వస్తున్నాయో చూడటం సైకోడైనమిక్ దారి. గాయం శరీరంలో వణుకుగా, బిగుతుగా మిగిలితే శరీరంతో పనిచేసే పద్ధతులు కలుపుతారు. మనలో చాలామందికి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే మన ఇళ్లలో కష్టాలు విడివిడి పెట్టెల్లో ఉండవు. అత్తగారి మాటకి వచ్చే వణుకు వెనక నాన్న బెల్టు ఉండొచ్చు.

అయితే అన్నీ కలపడం, ఏదీ సరిగ్గా రాకపోవడం ఒకటి కాదు. తేడా తెలియాలంటే ఒక ప్రశ్న అడగండి: "నా సమస్యకి మీరు ముందు ఏం చేస్తారు, ఆ తర్వాత ఏం చేస్తారు, ఎందుకు?" పని తెలిసినవాళ్లు మీకు అర్థమయ్యే తెలుగులో రెండు నిమిషాల్లో చెప్పగలరు. "అంతా ఎనర్జీ", "మూడు సెషన్లలో పూర్తిగా పోగొడతాను", "పూర్వజన్మలోకి తీసుకెళ్తాను" అనేవాళ్ల దగ్గర లేచి వచ్చేయండి.

డబ్బు ఇబ్బంది అయితే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అన్న మాటని తిట్టుగా వాడే అలవాటు వల్ల ఎంతోమంది తక్కువ ఖర్చుతో దొరికే వైద్యానికి దూరమయ్యారు. ఆ ఓపీలో కూర్చునేవాళ్లు మన పక్కింటివాళ్లే. మొదటిసారి మాట్లాడటానికి టెలీ మానస్ కూడా చాలు, సాధారణ దిగులుకీ నిద్ర పట్టకపోవడానికీ కూడా అక్కడికి ఫోన్ చేయొచ్చు. ఇక ఇన్సూరెన్స్: శారీరక జబ్బుతో సమానంగా మానసిక జబ్బుకీ బీమా ఇవ్వాలని 2017 చట్టం అంటోంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. కౌన్సెలింగ్ ఫీజు రావాలంటే మీ పాలసీలో ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకున్న ఖర్చు ఇవ్వడం) ఉందో లేదో చూసుకోవాలి. మీ కంపెనీలో ఉద్యోగుల సహాయ కార్యక్రమం ఉంటే కొన్ని సెషన్లు ఉచితంగా రావచ్చు.

4. పరిచయ కాల్

చాలామంది పది పదిహేను నిమిషాల పరిచయ కాల్ ఇస్తారు. మెసేజ్ ఇలా పంపొచ్చు:

"నమస్తే మేడమ్. మూడేళ్ల కిందటి యాక్సిడెంట్ తర్వాత బండి ఎక్కలేకపోతున్నాను, నిద్ర సరిగ్గా లేదు. తెలుగులో, వీడియో కాల్‌లో థెరపీ కావాలి. ఫీజు ఎంత, మాట్లాడటానికి ఎప్పుడు వీలవుతుంది? దయచేసి పగలు మాత్రమే జవాబివ్వండి, రాత్రి ఫోన్ ఇంట్లోవాళ్లు చూస్తారు."

ఆ కాల్‌లో ఇవి అడగండి. ట్రామాకి మీరు తీసుకున్న శిక్షణ ఏమిటి? మీ పనిని పై నిపుణులెవరైనా చూస్తారా, అంటే సూపర్విజన్ ఉందా? సెషన్ ఎంతసేపు (ఎక్కువగా 45 నుంచి 60 నిమిషాలు), రద్దు చేస్తే ఎన్ని గంటల ముందు చెప్పాలి? మధ్యలో నాకు బాగా లేకపోతే మీకు మెసేజ్ పెట్టొచ్చా, పెడితే ఎప్పటికి జవాబు? నేను చెప్పేది ఏ సందర్భంలో బయటికి వెళ్తుంది?

చివరి ప్రశ్న తప్పనిసరి. గోప్యత మీ హక్కు, 2017 చట్టం 23వ సెక్షన్ అదే చెబుతోంది. కానీ దానికి హద్దులున్నాయి. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉంటే చెప్పాల్సి వస్తుంది. మైనర్‌పై లైంగిక నేరం తెలిస్తే 2012 పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేయాల్సిన బాధ్యత ఉంది. మీ చిన్నప్పటి సంగతి చెప్పబోతున్నట్టయితే, వివరాల్లోకి వెళ్లకముందే "ఇలాంటిది చెబితే మీరు ఏం చేయాల్సి ఉంటుంది?" అని అడగండి. జవాబు విని, ఎంత చెప్పాలో మీరే నిర్ణయించుకోండి.

భాష గురించీ తేల్చుకోండి. ఆఫీసులో ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్లు కూడా అమ్మ అన్న మాటని, నాన్న తిట్టిన తిట్టుని తెలుగులోనే గుర్తు తెచ్చుకుంటారు. రెండు భాషలూ కలిపి మాట్లాడితే అర్థం చేసుకునే మనిషి దొరికితే మేలు.

5. గది, ఫోన్, పక్కింటి చెవులు

ఆన్‌లైన్ థెరపీ మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంటర్నెట్ కంటే తలుపు పెద్ద సమస్య. గడియ పెట్టుకుంటే "ఏమైంది, ఎందుకు పెట్టుకున్నావ్" అనే ఇళ్లు మనవి.

ఇంట్లో ఒక్కరికైనా చెప్పగలిగితే చెప్పండి. "వారానికోసారి గంటసేపు నాకు మాట్లాడే పని ఉంటుంది, తలుపు తట్టొద్దు" అంటే చాలు, విషయం ఏమిటో చెప్పనక్కర్లేదు. ఎవరికీ చెప్పలేకపోతే ఆఫీస్ కాల్ అనండి. అది అబద్ధం కదా అని మధనపడకండి. మీరు కాపాడుకుంటున్నది మీ ఆరోగ్యాన్ని. ఇంట్లో అసలు కుదరకపోతే పార్కింగ్‌లో ఆపిన కారు, స్నేహితురాలి ఇల్లు, ఆఫీసులో ఖాళీ మీటింగ్ రూమ్ పనికొస్తాయి. డాబా సాయంత్రం పూట బాగానే ఉంటుంది గానీ పక్క డాబాకి మాట వినిపిస్తుంది. నడుస్తూ ఫోన్‌లో మాట్లాడటం ఆందోళన గురించిన సెషన్‌కి సరిపోతుంది, ట్రామా గురించి అయితే వద్దు. రోడ్డు మీద కాళ్లు తడబడే క్షణం రావచ్చు.

గదిలో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, అప్పుడు అవతలి మాట బయటికి రాదు. మీ మాట బయటికి పోకుండా తలుపు పక్కన మరో ఫోన్‌లో పాటలు పెట్టండి, లేదా కూలర్ ఆన్ చెయ్యండి. నోటితో అనలేని మాటని చాట్‌లో టైపు చెయ్యండి. థెరపిస్టుతో ఒక సంకేతం కుదుర్చుకోండి. "ఆ ఫైల్ రేపు పంపుతాను" అన్నారంటే ఎవరో వచ్చారని అర్థం, వెంటనే వేరే మాటలోకి మారిపోవాలి.

ఫోన్ సంగతి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా కలిసి ఉందేమో చూడండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనిపించకుండా నోటిఫికేషన్లు మార్చండి. అపాయింట్‌మెంట్ మెయిల్ కుటుంబమంతా వాడే జీమెయిల్‌కి రాకుండా చూసుకోండి, క్యాలెండర్‌లో దానంతటదే ఎక్కేస్తుంది. యూపీఐలో కట్టినప్పుడు పేరు స్టేట్‌మెంట్‌లో పడుతుందని గుర్తుంచుకోండి. సెషన్‌ని మీరు రికార్డు చేయకండి, వాళ్లు కూడా మీ అనుమతి లేకుండా చేయకూడదు.

మొదటి సెషన్‌లో మీ ప్రస్తుత చిరునామా, అత్యవసరమైతే పిలవాల్సిన ఒక మనిషి నంబర్ ఇవ్వండి. ఊరు మారినప్పుడల్లా "ఈరోజు అమ్మావాళ్లింట్లో ఉన్నాను" అని ముందే చెప్పండి. కరెంటు పోయినా నెట్ తెగినా ఎవరు ఎవరికి మామూలు ఫోన్ చేయాలో కూడా అనుకోండి. ఏడుస్తుండగా కాల్ తెగిపోవడం చాలా ఒంటరి చేస్తుంది.

6. ట్రామా అయితే: నిలదొక్కుకోవడం ముందు

అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1990ల్లో మూడు దశల వరస చెప్పారు. మొదట భద్రత, తర్వాత జరిగినదాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆపైన తిరిగి బతుకులో కలవడం. ఇంటిగ్రేటివ్‌గా పనిచేసేవాళ్లు చాలామంది ఈ వరసనే పాటిస్తారు. అంటే మొదటి కొన్ని వారాలు నిద్ర, తిండి, ఉలికిపాటు, శరీరాన్ని శాంతింపజేసుకోవడం, ఇప్పుడు మీరున్న చోటు సురక్షితమా కాదా, ఇవే మాట్లాడతారు. "అసలు విషయంలోకి రావట్లేదేంటి" అని చిరాకు పడకండి. ఇదీ అసలు విషయమే.

ఇంట్లో సాధన చేయాల్సింది ఒకటి చెబుతాను. పాత సంఘటన ఒక్కసారిగా మీద పడ్డప్పుడు పాదాలు నేలకి గట్టిగా ఆనించండి. కళ్లు తెరిచే ఉంచండి. కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. ఆ తర్వాత ఈ రోజు తేదీ, మీ వయసు, మీరున్న ఊరు పైకి చెప్పండి. శరీరం అప్పటి రోజులోకి వెళ్లిపోయింది, దాన్ని ఈ రోజులోకి తెస్తున్నారన్నమాట. శ్వాస మీద ధ్యాస పెట్టడం కొందరికి హాయి, గొంతు నొక్కించుకున్నవాళ్లకో ఊపిరాడని అనుభవం ఉన్నవాళ్లకో అదే భయాన్ని పెంచుతుంది. మీకు పడకపోతే చెప్పండి, వేరే దారులున్నాయి.

రెండో దశకి వచ్చాక ట్రామాకి పనికొస్తాయని గట్టి ఆధారాలున్న పద్ధతులు ట్రామా మీద దృష్టిపెట్టే సీబీటీ, ఈఎండీఆర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో రెండింటినీ సూచించింది. ఈఎండీఆర్‌ని ఫ్రాన్సీన్ షపీరో 1980ల చివర్లో మొదలుపెట్టారు. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్లను అటూ ఇటూ కదిలించాలి. ఆన్‌లైన్‌లో తెర మీద కదిలే చుక్కతోనో, చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని మార్చి మార్చి తట్టుకుంటూనో చేస్తారు. యూట్యూబ్ చూసి ఒంటరిగా ప్రయత్నించకండి.

ఆపే హక్కు మీది. చెయ్యి పైకెత్తితే ఆపేయాలని ముందే ఒప్పందం చేసుకోండి. ఒకసారి ఏ ఇబ్బందీ లేనప్పుడు చెయ్యి ఎత్తి చూడండి, నిజంగా ఆపుతున్నారో లేదో తెలుస్తుంది.

సెషన్ అయ్యాక కనీసం అరగంట ఖాళీ పెట్టుకోండి. ల్యాప్‌టాప్ మూసి వెంటనే కుక్కర్ పెట్టడమో క్లయింట్ కాల్‌లో చేరడమో వద్దు. క్లినిక్‌కి వెళ్తే ఇంటికొచ్చే దారిలో మనసు కుదుటపడుతుంది, ఆన్‌లైన్‌లో ఆ దారి ఉండదు. మొహం కడుక్కుని, మజ్జిగో టీనో తాగి, వీధి చివరిదాకా నడిచి రండి. ఆ రాత్రి కలలు రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే, లేదా వారం వారం పరిస్థితి దిగజారుతుంటే, థెరపిస్టుకి చెప్పి వేగం తగ్గించమనండి.

సంఘటన జరిగి ఇంకా కొన్ని రోజులే అయితే ఎవర్నీ పట్టుకుని "చెప్పు, చెబితే తేలికవుతుంది" అని ఒత్తిడి చేయకండి. చాలామంది నాలుగైదు వారాల్లో అయినవాళ్ల తోడుతోనే కుదుటపడతారు. నెల దాటినా తగ్గకపోతే చికిత్స వెతకాలి.

7. ఆందోళన అయితే

ఇక్కడ పని ఎక్కువగా సెషన్ల మధ్యే జరుగుతుంది. భయపడ్డదాన్ని తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకొంచెం బలపడుతుంది, అందుకే మెల్లగా ఎదురెళ్లడం నేర్పుతారు. బండి భయం ఉన్న మనిషికి మెట్లు ఇలా ఉండొచ్చు. ఆగి ఉన్న బండి పక్కన నిలబడటం, స్టార్ట్ చేయకుండా కూర్చోవడం, వెనక సీట్లో వీధి చివరిదాకా వెళ్లడం, ఖాళీ రోడ్డు మీద తనే నడపడం, చివరికి సాయంత్రం ట్రాఫిక్. ఒక మెట్టు మీద భయం తగ్గేదాకా నిలబడి, అప్పుడు పైమెట్టు. హోంవర్క్ ఇవ్వని, అడగని థెరపిస్టుతో ఆందోళన తగ్గడం కష్టమని నా అభిప్రాయం.

మందులు వద్దని మొండికేయకండి, మందులొక్కటే చాలనీ అనుకోకండి. ఆందోళనకి సాధారణంగా ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మీ అంతట మీరు మానేయకూడదు. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం సైకియాట్రిస్టు వీడియోలో చూసి మందులు రాయొచ్చు, కొన్ని రకాలు మాత్రం అలా రాయడానికి వీల్లేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్రతో నెలలు నెట్టుకురావద్దు.

8. సంబంధాలైతే

మనకి పెద్దమనుషుల్లో పెట్టడం అలవాటు. అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుంటారు, తప్పెవరిదో తేలుస్తారు, ఆడపిల్లకి సర్దుకుపొమ్మని చెబుతారు. చాలా జంటలు కౌన్సెలింగ్‌కి కూడా అదే ఆశతో వస్తారు. "మీరే చెప్పండి సర్, తప్పు ఎవరిది?" థెరపిస్టు ఆ తీర్పు చెప్పరు. ఇద్దరి మధ్య గొడవ ఏ వరసలో తిరుగుతోందో చూపిస్తారు. ఆమె గట్టిగా అడిగితే ఆయన నోరు మూసుకుంటారు, ఆయన మూసుకున్నకొద్దీ ఆమె గొంతు పెరుగుతుంది. ఎవరు ముందు మొదలుపెట్టారన్న లెక్క పక్కనపెట్టి ఆ వలయాన్ని ఇద్దరూ కలిసి చూడగలిగిన రోజు పని మొదలైనట్టు.

ఒకే ఇంట్లో ఉంటే ఒకే తెర ముందు, ఇద్దరి మొహాలూ కనిపించేలా కూర్చోండి. ఆయన దుబాయ్‌లో, ఆమె జగిత్యాలలో ఉంటే, లేదా ఒకరు డాలస్‌లో ఒకరు గుంటూరులో ఉంటే వేర్వేరు తెరలు తప్పవు. అప్పుడు ఒకరు అలిగి కాల్ కట్ చేస్తే ఏం చేయాలో ముందే అనుకోండి. మీ అమ్మగారో అత్తగారో వెనక గదిలోంచి వినడం కుదరదు. విడిగా చెప్పిన రహస్యాన్ని థెరపిస్టు రెండో మనిషి దగ్గర దాస్తారా లేదా అన్నది మొదటి రోజే అడగండి.

మొదట ఇద్దరితో విడివిడిగా మాట్లాడే థెరపిస్టునే ఎంచుకోండి. హింస ఉందేమో తెలుసుకోవడానికే అలా మాట్లాడతారు. కొట్టడం, బెదిరించడం, డబ్బు, ఫోన్ లాక్కోవడం ఉన్న ఇంట్లో జంటగా కౌన్సెలింగ్ వద్దు. సెషన్‌లో చెప్పిన మాటకి రాత్రి శిక్ష పడుతుంది. అలాంటప్పుడు 181 మహిళా హెల్ప్‌లైన్‌కి గానీ జిల్లాలోని సఖి కేంద్రానికి (హింసకు గురైన మహిళలకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) గానీ వేరే ఫోన్‌ నుంచి కాల్ చెయ్యండి, కాల్ హిస్టరీ చెరిపేయండి. 2005 గృహహింస చట్టం కింద అదే ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వులు కోరొచ్చు. మీ కౌన్సెలింగ్ మీ ఒక్కరికే, బయటి చోటునుంచి మొదలుపెట్టండి.

9. విదేశాల్లో ఉంటే

అమెరికాలో థెరపిస్టుకి లైసెన్సు రాష్ట్రం వారీగా ఉంటుంది, సెషన్ సమయంలో మీరున్న రాష్ట్రంలో వాళ్లకి అనుమతి ఉండాలి. తెలుగు మాట్లాడేవాళ్లని వెతికేటప్పుడు ముందు అది చూడండి. అక్కడ సంక్షోభంలో 988కి ఫోన్ చేయాలి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కి మీరే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి జూమ్ లాంటిది వాడాలి. లేబర్ క్యాంపులో ఒకే గదిలో పదిమంది ఉంటే సెలవు రోజు అందరూ బయటికెళ్లే వేళ చూసుకోండి. ఇండియాలో ఉన్న థెరపిస్టుతో మాట్లాడుతున్నట్టయితే, మీకేదైనా అయితే మీ ఊళ్లో ఎవర్ని పిలవాలో ఆ నంబర్ వాళ్ల దగ్గర ఉండాలి.

10. కుదరకపోతే, ముగించాలంటే

మూడు నాలుగు సెషన్ల తర్వాత ఒకసారి ఆగి చూసుకోండి. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త థెరపీ బంధంలో మూడు విషయాలుంటాయన్నారు: ఎక్కడికి చేరాలో ఇద్దరికీ ఒకటే అవగాహన, ఎలా చేరాలో ఒప్పందం, ఒకరి మీద ఒకరికి నమ్మకం. ఏది లేదో గుర్తుపట్టి ఆ మాటే చెప్పండి. "సర్, మీరు ఎక్కువ సలహాలిస్తున్నారు, నాకు ముందు చెప్పుకోవడానికి సమయం కావాలి." పెద్దవాళ్లకి ఎదురు చెప్పినట్టు అనిపిస్తుంది, అయినా చెప్పండి. మంచివాళ్లు పద్ధతి మార్చుకుంటారు. మారకపోతే "ఇక్కడితో ఆపాలనుకుంటున్నాను, ధన్యవాదాలు" అని ఒక మెసేజ్ చాలు.

అసభ్యంగా మాట్లాడితే, వ్యక్తిగతంగా కలవమంటే, అప్పు అడిగితే, మతమో వ్యాపారమో అంటగడితే అదే రోజు ఆపేయండి, మెసేజ్‌లు దాచుకోండి. సైకియాట్రిస్టు మీద రాష్ట్ర వైద్య మండలికి, క్లినికల్ సైకాలజిస్టు మీద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. లైంగిక వేధింపు అయితే పోలీసులకే.

బాగయ్యాక చెప్పాపెట్టకుండా మానేయకండి. రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి చేసుకుంటూ తగ్గించుకోండి. మొదట్లో దాచిన జీఏడీ-7 పట్టీ తీసి మళ్లీ నింపి పక్కన పెట్టి చూడండి. చివరి సెషన్‌లో థెరపిస్టుని ఒక పేజీ రాసివ్వమనండి: ఏ పద్ధతులు వాడారు, ఏది పనిచేసింది, ఏ మందులు ఏ తేదీ వరకు వాడారు, మళ్లీ రావాల్సి వస్తే ముందుగా కనిపించే సూచనలేమిటి. వేరే ఊరికి మారినా, వేరే థెరపిస్టు దగ్గరికి వెళ్లినా ఆ పేజీ చూపిస్తే మీరు మొదటినుంచీ అంతా తిరిగి చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు.